టీవీకి తెరుచుకున్న తలుపు

చేయవలసిన పనులు:

అంజలి కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఏం ఆపుతోందో చూడాలి.

ఇంట్లో నెట్ డబ్బా ఆపి, కాసేపు ఆగి, మళ్లీ వేయాలి. ఇప్పటికే చేశాం. అయినా మళ్లీ చేయాలి. చేశామని చెప్పకపోతే హెల్ప్‌లైన్ వాళ్లు తర్వాతి మాట చెప్పరు.

వేంపల్లె యామినికి ఫోన్ చేసి, వాళ్లకు పాఠాలు దిగుతున్నాయో లేదో అడగాలి.

కమలాపురం రామకృష్ణ సారుకు ఫోన్ చేసి, మేడమ్ కంప్యూటర్ ఆన్‌లో ఉందా అని అడగాలి.

అక్కడి రూటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కుని అడగాలి. మర్యాదగా.

కాలేజీలో సెలవు పెట్టాలి.

అంజలికి ధైర్యం చెప్పాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదు.

శివలీల ఇవన్నీ ఫోన్లో రాసుకున్నప్పుడు, వీటిలో అన్నిటికంటే సులువైనది ఆ పాస్‌వర్డ్ అడగడమే అనుకుంది. నాలుగు అంకెలో పది అక్షరాలో, చెప్తే అయిపోయే మాట. తక్కినవన్నీ ఒక్కొక్కటే తీరిపోయాయి గానీ, ఆ ఒక్క మాట కోసం ఆమె ఆలూరు నుంచి కమలాపురం దాకా పోవలసి వచ్చింది.

ఆలూరు దగ్గర పల్లె వాళ్లది. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి శివలీల. ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ, వారానికోసారి ఇంటికి వస్తుంది. చెల్లెలు అంజలికి పుట్టుకతోనే చూపు లేదు. అక్క వెనకే తనూ డిగ్రీ చేసి, బీఈడీ చేసి, ఇప్పుడు టీచరు ఉద్యోగాల పరీక్షకు చదువుతోంది. చదువుతోంది అంటే వింటోంది. అమ్మ సుంకులమ్మ పత్తి ఏరడానికి, నాయన పెద్ద ఈరన్న ఎవరు పిలిస్తే వాళ్ల చేనుకు పోయాక, తలుపు దగ్గరికి వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఎవరైనా పిలిస్తే చెయ్యి ఎత్తి ఆగమంటుంది, పలకదు.

ఆమె వినేది సుబ్బరత్నమ్మ గొంతు.

సుబ్బరత్నమ్మ కమలాపురంలో ఉండే టీచరు. ఉద్యోగంలో ఉండగా ఆమె తరగతిలో చూపు లేని పిల్లవాడు ఒకడు చేరాడట. వాడికి పుస్తకం చదివి వినిపించే మనిషి ఇంట్లో లేరు. ఆమె రోజూ ఒక పాఠం ఫోన్లో చదివి రికార్డు చేసి ఇచ్చేది. రిటైరయ్యాక అదే పనిగా పెట్టుకుంది. పదో తరగతి దాకా అన్ని పుస్తకాలు, ఆ పైన టీచరు పరీక్షకు కావలసినవి. కంప్యూటర్ గొంతు తెలుగు చదివితే ఎట్లా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. ఎక్కడ ఆగాలో తెలియదు, దేన్ని నొక్కి చెప్పాలో తెలియదు. అంజలి మాటల్లో చెప్పాలంటే అది పాఠం చెప్పదు, తరుముతుంది. సుబ్బరత్నమ్మ చదివితే అట్లా కాదు. కష్టమైన మాట వస్తే ఆగి, రెండోసారి చదివి, "అర్థమాయ గదా" అనేది. బొమ్మ వస్తే ఆ బొమ్మలో ఏముందో చెప్పేది. మధ్యలో కుక్కర్ కూత కూడా పడేది. ఆ కూతలతో సహా అంజలికి పాఠాలు నోటికి వచ్చు.

ఆ రికార్డులు ఊరూరా ఉన్న పిల్లలకు అందాలంటే ఎట్లా? మొదట ఇంటర్నెట్‌లో ఉచితంగా దాచుకునే చోట పెట్టారు. అది నిండిపోయింది. మరోచోట పెడితే ఆ కంపెనీ దుకాణం మూసేసి పోయింది, పాఠాలూ పోయాయి. అప్పుడు శివలీలే టొరెంట్ సంగతి చెప్పింది. ఆమె అప్పటికి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. అసలు పాఠాలు సుబ్బరత్నమ్మ కంప్యూటర్లోనే ఉంటాయి. కావలసిన వాళ్లు అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా దించుకుంటారు. దించుకున్నవాళ్లు తమ దగ్గరున్న ముక్కలను పక్కవాళ్లకు ఇస్తారు. ఎవరూ ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు, ఏ కంపెనీ దయా అక్కర్లేదు. బంతిలో కూర్చున్నవాళ్లు గంగాళం కోసం ఎదురుచూడకుండా గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకున్నట్టు.

దానికి ఒక్కటే షరతు. ప్రతి ఇంట్లోనూ నెట్ వచ్చే డబ్బా ఉంటుంది కదా, ఆ రూటర్‌కు బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక తలుపు ఉంటుంది. పోర్ట్ అంటారు. మామూలుగా అది మూసే ఉంటుంది. ఇద్దరు ఇచ్చిపుచ్చుకోవాలంటే రెండిళ్లలో కనీసం ఒక ఇంటి తలుపన్నా తెరిచి ఉండాలి. రెండూ మూసి ఉంటే ఒకరినొకరు ఎంత పిలుచుకున్నా వినబడదు. అంజలి వాళ్ల ఇంట్లో ఉన్నది సెల్ కంపెనీ ఇచ్చిన డబ్బా, దాని తలుపు తెరవడం వాళ్ల చేతిలో లేదు. అటువంటి ఇళ్లే ఎక్కువ. అందుకే సుబ్బరత్నమ్మ ఇంటి తలుపు తెరిచి ఉండాలి. అది ఎట్లా తెరవాలో ఆనాడు శివలీల ఫోన్లో ఒక్కొక్క మెట్టే చెప్తే, అద్దాలు సవరించుకుంటూ ఆ పెద్దావిడ తనే చేసుకుంది. పని పూర్తయ్యాక, ఇన్నేండ్లు నేను చెప్తే పిల్లోళ్లు విన్నారు, ఇప్పుడు నువ్వు చెప్తే నేను విన్నా అని నవ్వింది.

ఆమె పోయిన ఎండాకాలంలో చనిపోయింది. పిల్లల మనస్తత్వం మీద పాఠాలు పూర్తి చేసి, అన్నీ ఎక్కించి, ఆ తర్వాతే ఆసుపత్రికి పోయింది. భర్త రామకృష్ణ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కంప్యూటర్ ముట్టుకోవడం కూడా తెలియదు. ఆమె పోయేముందు ఆయనకు చెప్పింది ఒకటే, దీన్ని ఆపొద్దు అని. ఆయన ఆపలేదు.

దసరా దాకా పాఠాలు దిగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత నత్తనడక పట్టాయి. అంజలికి సరిగ్గా పిల్లల మనస్తత్వం పాఠాలే కావాలి, అవే సగం దగ్గర నిలబడిపోయాయి. ఒక్క పాఠం దిగడానికి ఒక పూట పడుతోంది, ఆ దిగేది కూడా ఎక్కడో వేంపల్లెలో ఇవే పాఠాలు వినే యామిని కంప్యూటర్ తలుపు తెరిచి ఉండబట్టి. పాతిక ఊళ్ల పిల్లలు ఆ ఒక్క సందులోంచే తోసుకుంటున్నారు. పైగా యామిని దగ్గర కూడా సగమే ఉంది. పరీక్ష తేదీ కూడా ప్రకటించేశారు.

శివలీల మొదట తమ ఇంటి సంగతి చూసుకుంది. అంజలి కంప్యూటర్లో ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా, ఒకప్పుడు ఈ ప్రోగ్రామును రానివ్వాలా అని ఇంగ్లీషులో అడిగిందట. చదివి వినిపించే గొంతు దాన్ని గబగబా చదివేస్తే, ఏదో వైరస్సనుకుని అంజలి వద్దని నొక్కింది. అది సరిచేశారు. కొంచెం కుదుటపడింది గానీ, అసలు బాధ పోలేదు. ఆలూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఈరేష్ వచ్చి చూసి, ఇది పాత మిషను, కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఏ జబ్బుకైనా ఆయన మందు అదే. హెల్ప్‌లైన్ అమ్మాయి డబ్బా ఆపి వేయమంది. ఆపి వేశామంటే మళ్లీ ఆపి వేయమంది.

రామకృష్ణ సారుకు ఫోన్ చేస్తే, అన్నీ బాగున్నాయమ్మా, లైట్లన్నీ వెలుగుతాండాయి అన్నారు. రూటర్ పాస్‌వర్డ్ అడిగితే, అది తన అన్న కొడుకు ప్రవీణ్‌కు తెలుసన్నారు. ఆ ఊళ్లో నెట్, కేబుల్ రెండూ ప్రవీణ్‌వే. దసరా నాళ్లలో అతనే వచ్చి ఏదో చేసి, పాస్‌వర్డ్ మార్చిపోయాడట.

ప్రవీణ్‌కు ఫోన్ చేసింది. మర్యాదగానే అడిగింది. టొరెంట్ అన్న మాట వినగానే అతను నవ్వాడు. సినిమాలు దించుకోవాలంటే ఆలూరులోనే ఎవరినైనా చూసుకొమ్మని, తన లైన్ల మీద దొంగపనులు సాగవని చెప్పి పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

దొంగ అనిపించుకోవడం శివలీలకు అదే మొదలు. ఆమె ల్యాబులో ఒక మౌస్ కనబడకపోతే సాయంత్రం దాకా బల్లల కింద వెతికే మనిషి. బస్సులో చిల్లర ఎక్కువ వస్తే కండక్టరును వెనక్కి పిలిచే మనిషి. ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తనను అన్నందుకు కాదు, ఆ మాట సుబ్బరత్నమ్మకు కూడా తగిలింది కదా అని ఒళ్లు మండింది. ఆమె గొంతు అరిగిపోయేలా చదివినవి దొంగసరుకా?

అంజలి అంతా విన్నది. నెమ్మదిగా అంది.

"అక్కా, నువ్వు ఆడికి పోతే పెన్‌డ్రైవులో ఎక్కించుకోని రావచ్చు గదా. నాకు సాలు."

"నీకు సాలు. నీ మాదిరి ఇంగా ఎంతమంది ఉండారో?"

"తెలుసు. అందుకే ముందు నాకు సాలు అంటి. ఆ మిగతాది నువ్వే అంటావని."

మర్నాడు శివలీల కాలేజీకి సెలవు చీటీ రాసి, గుంతకల్లులో రైలెక్కింది. నాపరాళ్ల గుట్టలు, ఎండిన వంకలు, సిమెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు దాటుకుంటూ కమలాపురంలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగింది. అక్కడ టీవీలో సినిమా ఆడుతోంది. అప్పుడే విడుదలైన సినిమా, ఇంకా థియేటర్లలో టికెట్లు దొరకని సినిమా. ఎవరో థియేటర్లో కూర్చుని ఫోన్లో తీసినది. ముందు సీట్లోంచి ఒకాయన లేచి బయటికి పోతుంటే తెరంతా ఆయన నెత్తే. ఆ బొమ్మ కింద పచ్చరంగు పట్టీ మీద ప్రవీణ్ నెట్ ఆఫీసు ప్రకటన పోతోంది. శివలీల గ్లాసు కింద పెట్టి ఆ పట్టీ మొత్తం చదివింది. ఎందుకో అప్పుడు ఏమీ అనిపించలేదు. రామకృష్ణ సారు ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు కోపం వచ్చింది.

సారు కారం దోశ తెప్పించి ఉంచారు. తినేదాకా మాట ఎత్తనివ్వలేదు. తర్వాత లోపలి గదికి తీసుకుపోయారు. మేడమ్ బల్ల మీద కంప్యూటర్ నడుస్తూనే ఉంది. దాని నొసట కుంకుమ బొట్టు, పక్కన రూటర్‌కు ఒక బొట్టు, మైకుకు ఒక బొట్టు. బొట్లు ఎండి పొడిపొడిగా ఉన్నాయి.

శివలీల కూర్చుని టొరెంట్ తెరిచింది. కింద మూల ఎర్ర గుర్తు. తలుపు మూసి ఉందని అర్థం. ఇంట్లో నెట్ వాడే ప్రతిదానికీ రూటర్ ఒక నంబరు ఇస్తుంది, ఈ కంప్యూటర్‌కు ఇచ్చినది ఏమిటో చూసింది. ఆనాడు తాము తలుపు తెరిచింది ఈ నంబరుకు కాదు. అది ఆమెకు బాగా గుర్తు, ఫోన్లో రెండుసార్లు చెప్పి చెప్పించుకున్న నంబరు. మరి ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఇంట్లో నెట్ వాడేవి ఇంకేం ఉన్నాయని అడిగితే సారు హాల్లో టీవీ చూపించారు. రిమోటు తీసుకుని, నెట్‌వర్క్ వివరాల పేజీ తెరిచింది. మేడమ్ కంప్యూటర్‌కు ఉండాల్సిన నంబరు టీవీ దగ్గర కూర్చుని ఉంది.

"సార్, ఈ మధ్య అన్నీ ఒకేసారి ఆపి వేసినారా?"

ఆయన ఆలోచించారు. "ఆపనే ఆపను పాపా. ఆమె ఆపొద్దన్నాది." మళ్లీ ఆగి అన్నారు. "ఆయుధ పూజ నాడు ఆపినా. ఆ ఒక్కనాడే. పనిముట్టుకు ఆ పొద్దు పని చెప్పకూడదు గదా. నేను డిపోలో ఉన్నన్నాళ్లు బస్సును కడిగి, నిమ్మకాయలు పెట్టి, ఆ పూట తాళం ముట్టుకునేటోణ్ణి కాదు. ఆమెకు స్టీరింగు ఇదే గదా అని అన్నీ ఆపి, తుడిచి, పూజ చేసి, మర్నాడు వేసినా."

"ముందు ఏది వేసినారు?"

"టీవీ. వార్తలు చూద్దామని." అప్పుడు ఆయనకు ఏదో అర్థమైంది. "ఏమి, నేనే ఆపినానా దీన్ని?"

శివలీల వివరించింది. రూటర్‌కు ఇంట్లో ఎవరు ఎవరో గుర్తుండదు. నిద్ర లేచిన వరుసలో నంబర్లు పంచుతుంది. ఆ రోజు టీవీ ముందు లేచి మేడమ్ నంబరు పట్టుకుంది. మేడమ్ కోసం తెరిచిన తలుపు అప్పటి నుంచి టీవీకి తెరుచుకుంటోంది. బయట పిల్లలు వచ్చి తట్టుతున్నారు, టీవీకి ఏం తెలుస్తుంది, పలకదు. ఇందులో మీ తప్పేమీ లేదు సార్ అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, ఎండిన ఆ బొట్ల వైపు చూస్తూ, పండగ నుంచి ఇప్పటి దాకానా అన్నారు.

సరిచేయడం చిటికెలో పని. కానీ రూటర్ లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ కావాలి. సారు ఫోన్ చేస్తే ప్రవీణ్ వచ్చాడు. తెల్ల చొక్కా, చెవిలో ఫోన్, చెప్పులు విడవకుండానే హాల్లోకి వచ్చాడు. శివలీలను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వేనా ఫోన్ చేసింది? ఆలూరు నుంచి ఇంత దూరం వచ్చినావంటే పెద్ద సినిమానే ఉన్నట్టుండాదే పాపా."

"సినిమా కాదన్నా. మేడమ్ పాఠాలు."

"పాఠాలకు టొరెంటెందుకు? నాకు తెలీదనుకుంటాండావా? చిన్నమ్మ పోయినాక కూడా ఈ ఇంట్లోంచి రాత్రి పగలు అంత డేటా ఎందుకు పోతాదని నేనే ఫైర్‌వాల్ గట్టిగా బిగించినా. రేపు పోలీసులొస్తే నా పేరు అడుగుతారు. మీ ఊరోళ్లను అడగరు."

అంటే టీవీ ఒక్కటే కాదు. ఉన్న తలుపు టీవీ వైపు తిరిగితే, దానికి ఈయన బయటి నుంచి గొళ్లెం కూడా పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు. శివలీల అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొద్దున బస్టాండు హోటల్లో టీ తాగినా అన్నా. మీ చానల్లో కొత్త సినిమా ఆడతాండాది. థియేటర్లో లేసిపోయే మనుషుల నెత్తులు గూడా అగుపడతాండాయి. కింద మీ ఆఫీసు పేరు పోతాండాది. దానికి ఏ పోలీసులొచ్చినారు?"

ప్రవీణ్ చిన్నాయన వైపు తిరిగి, మనింట్లో కూర్చుని మనల్నే అంటోంది చూడమన్నాడు. ఇన్నేండ్లుగా ఈ ఇంటికి ఉచితంగా నెట్ ఇస్తున్నానని, అయినవాళ్లని ఇస్తే ఇట్లాంటి మాటలు పడాల్సి వస్తోందని అన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఇంకొక మాట అన్నాడు.

"అయినా కండ్లు లేనోళ్లకు టీచరు ఉద్యోగాలు ఎవరిస్తారు చిన్నాయనా? వాళ్లు వింటే ఎంత, వినకపోతే ఎంత?"

శివలీలకు గోడకు ఆనుకుని, చెయ్యి ఎత్తి ఆగమనే చెల్లెలు కళ్ల ముందు మెదిలింది. ఆమె గదిలోకి పోయి, స్పీకర్ గొంతు పూర్తిగా పెంచి, పిల్లల మనస్తత్వం మొదటి పాఠం మీద నొక్కింది. మీరనే సినిమా ఇదే, చూసి పోండి అంది.

కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు. కాగితం తిప్పిన చప్పుడు. గొంతు సవరించుకుని సుబ్బరత్నమ్మ మొదలుపెట్టింది. "మొదటి పాఠం. పిల్లోడు బడికి వచ్చేటప్పుడు ఖాళీ పలక మాదిరి రాడు. ఇంట్లో ఎన్నో నేర్చుకోని వస్తాడు..." అంతలో ఆగి, పక్కకు తిరిగి అన్నట్టుగా అంది.

"ఏమయ్యా, ఆ ఫ్యాను ఆపు. గాలి సప్పుడు దీంట్లో పడతాండాది."

రామకృష్ణ కుర్చీలోంచి లేచారు. పోయి ఫ్యాను స్విచ్ ఆపారు. ఆపాక, స్విచ్ మీద వేలు అట్లాగే ఉంచి నిలబడిపోయారు.

ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. ఆమె పాఠం చదువుతూనే ఉంది. ప్రవీణ్ గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. వెళ్లిపోవడానికి పెట్టిన అడుగు వేయలేదు, లోపలికీ రాలేదు. బొమ్మలో ఒక పిల్ల కొయ్య గుర్రంతో ఆడుకుంటా ఉండాది అని సుబ్బరత్నమ్మ చెప్పింది. గుర్రానికి తోక లేదు, అది గూడా చెప్తాండా, మీకు తెలియాల గదా అంది.

రామకృష్ణ స్విచ్ మీద నుంచి చెయ్యి తీశారు. గొంతు పెంచలేదు.

"ప్రవీణా, నా మిద్దె మీద నీ పెద్ద డబ్బా ఉండాది గదా. ఈ వీధులన్నిటికీ నెట్ పోయేది దాంట్లోంచే గదా."

"అవును చిన్నాయనా."

"దాన్ని దించుకో."

ప్రవీణ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఏం మాట్లాడుతున్నావు చిన్నాయనా, సగం ఊరికి నెట్ పోతుంది అన్నాడు.

"పోనీ. మీ చిన్నమ్మ పాఠాలు పోయినట్టే అదీ పోతాది. ఉచితంగా ఇస్తాండావని ఇన్నేండ్లు వీధిలో చెప్పుకుంటివి. నేను ఎదురు చెప్పలేదు. అన్న కొడుకువు, పేరు నీకే రానీ అనుకుంటి. నీ డబ్బాకు నేను బాడుగ అడిగినానా? నీ వైర్లు మా గోడ తొలుచుకోని పోతే మాట్లాడినానా? ఆమె ఒక్కటే అడిగింది, దీన్ని ఆపొద్దని. నేను తెలీక ఆపినా. నువ్వు తెలిసి ఆపినావు."

ఆ చివరి మాటకు ప్రవీణ్ బయటికి పోయి చెప్పులు విడిచి వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా పాస్‌వర్డ్ కొట్టాడు. క్షమాపణ ఏమీ చెప్పలేదు. చెప్తాడని శివలీల ఎదురు చూడలేదు కూడా. ఆమె అతని పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చెప్పింది, అతను నొక్కాడు. ఫైర్‌వాల్ బిగింపు వదులైంది. తలుపు టీవీ వైపు నుంచి మేడమ్ కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ నంబరు ఇక ఎప్పటికీ ఈ కంప్యూటర్‌దేనని, ఎవరు ముందు లేచినా ఇంకొకరికి ఇవ్వకూడదని రూటర్‌కు గుర్తు పెట్టించింది. పాస్‌వర్డ్ మార్చి, కొత్తది సారు చేత కొట్టించింది. ఆయన చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టారు. ఏం పెట్టారో ఆమె చూడలేదు, తల తిప్పుకుంది.

కింద మూల ఎర్ర గుర్తు కాసేపు ఊగిసలాడి ఆకుపచ్చ అయింది. ఒక పేరు వచ్చి చేరింది, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా. ఎక్కడెక్కడివో కంప్యూటర్లు, ఇన్నాళ్లు బయట తట్టుతూ నిలబడినవి. రామకృష్ణ అద్దాలు పెట్టుకుని ఆ వరుసను చూస్తూ, వీళ్లంతా ఎవరు అని అడిగారు. మేడమ్ పిల్లలు సార్ అంది శివలీల.

ప్రవీణ్ లేచాడు. మిద్దె మీద డబ్బా సంగతి ఏమిటని గొణిగాడు. ఇప్పటికి ఉండనీ అన్నారు రామకృష్ణ, ఇప్పటికి అన్న మాటను కొంచెం సాగదీసి. అతను చెప్పులు వేసుకుని పోయాడు. ఆ తర్వాత కూడా అతని చానల్లో కొత్త సినిమాలు ఆడుతూనే ఉన్నాయని విన్నాం. ఈ లోకంలో ఎవరిని దొంగ అనాలో ఎవరిని అనకూడదో ఇప్పటికీ అతనిలాంటి వాళ్లే తేల్చుతున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా శివలీలకు ఒళ్లు మండుతూనే ఉంటుంది. మండాలి కూడా.

బయల్దేరేటప్పుడు సారు గుమ్మం దాకా వచ్చి, ఇక మీద ఆయుధ పూజ నాడు దీన్ని ఆపనులే అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైందని తెలుస్తూనే ఉంది.

"ఆపండి సార్. బొట్టు పెట్టండి, ఆ పొద్దు పడుకోనీండి. మర్నాడు లేస్తే దాని నంబరు దానికే ఉంటాది."

ఆయన తల ఊపారు. కళ్లు తుడుచుకున్నారో, అద్దాలే తుడుచుకున్నారో.

స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే అంజలి ఫోన్ చేసింది. పాఠాలు దిగుతున్నాయని, అన్నీ దిగేదాకా ఆగలేక మొదటిది మొదలుపెట్టేశానని చెప్పింది. ఫోన్లోనే ఆ గొంతు చిన్నగా వినబడుతోంది.

"అక్కా, ఈడ మేడమ్ ఎవరికో ఫ్యాను ఆపమని చెప్తాండాది. ఆపినారో లేదో తెలీలేదు."

"ఆపినారు" అంది శివలీల.

అంజలి పాఠాలన్నీ వింది. పరీక్ష రాసింది. అక్కడ అందరితో పాటు తనూ కూర్చుని, తన జవాబులు తనే చెప్పి రాయించింది. ఈ కథ ఆమె పరీక్ష రాసిందని చెప్పడానికే. ఏం వచ్చిందన్నది ఆమె సొంత విషయం.

ఆ పాఠాలు ఇంకా నడుస్తున్నాయి. ఇది చదివే మీకు ఎప్పుడైనా ఎవరి ఇంట్లోనైనా ఒక ఆడమనిషి గొంతు నెమ్మదిగా పాఠం చదువుతూ, కష్టమైన మాట దగ్గర ఆగి "అర్థమాయ గదా" అనడం వినబడితే, ఒక్క క్షణం ఆగండి. ఆమె పేరు ఏ బడి గోడ మీదా చెక్కలేదు, ఏ సభలోనూ ఎవరూ చదవలేదు. ఆమె పేరు సుబ్బరత్నమ్మ, ఊరు కమలాపురం. గుర్తు పెట్టుకోండి. ఆ గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటే, లేచి ఆపండి.